పెదనాన్నగారి మోరిస్ మైనర్‌కి డైనమో తీసి, మళ్ళీ డైనమోయే పెట్టించాను

కడియపులంక నర్సరీలు దాటుతుండగా మొదట వాసన వచ్చింది. రబ్బరు కాలుతున్న వాసన. డిసెంబరు నెల, రాత్రి తొమ్మిదిన్నర. అమలాపురం నుంచి రాజమండ్రి వస్తున్నాం. ముందు లారీ, వెనక లారీ. ఏ లారీ బ్రేకులో వేడెక్కి ఉంటాయనుకున్నాను. మా ఆవిడ మాత్రం "కాదండీ, మన కారులోదే" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే నా ఎడమ పాదం దగ్గర, క్లచ్ పక్కన, సన్నగా పొగ లేచింది.

కారు పక్కకి తీసి ఇంజను కట్టేసి లైట్లు ఆర్పాను. పొగ తగ్గింది గానీ ఆగలేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు విప్పుదామంటే స్పానరు డిక్కీలో, పెద్దమ్మ పెట్టి పంపిన కొబ్బరికాయల బస్తా కింద ఉంది. ఆ బస్తా లాగి స్పానరు వెతికి పట్టుకోవడానికి పట్టిన రెండు నిమిషాలూ ఇప్పటికీ గుర్తున్నాయి. మంట రాలేదు. క్లచ్ పక్కన నేల మీద ఉండే, హెడ్‌లైటు వెలుగుని పైకీ కిందికీ మార్చే డిమ్ స్విచ్చి, దానికి వచ్చే మూడు వైర్లు మాత్రం మాడిపోయాయి.

ఆ కారు 1955 మోడల్ మోరిస్ మైనర్, సిరీస్ 2, 803 సీసీ ఇంజను. మా పెదనాన్నగారు అమలాపురంలో డాక్టరు. గోదావరి పాయల మీద ఇప్పుడున్నన్ని వంతెనలు లేని రోజుల్లో ఆ కారుని పంటు మీదికి ఎక్కించి దాటించేవారు. ఆయన పోయాక చాలా ఏళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. తర్వాత పెద్దమ్మ తాళాలు నా చేతిలో పెట్టి, "మీ పెదనాన్న దాన్ని ఎంత చూసుకున్నారో నీకు తెలుసు కదా, నువ్వే తీసుకుపో" అంది. ఇంజను, బ్రేకులు, టైర్ల కథ వేరే. ఇక్కడ చెప్పదలచింది కరెంటు సంగతే. ఎందుకంటే నేను తప్పు చేసిందీ, నేర్చుకున్నదీ అందులోనే.

ఆ రాత్రి మాడిపోయింది అరవై ఏళ్ళు దాటిన వైరు. కానీ అన్నేళ్ళూ అది మాడలేదు. నేను కారుని "అప్‌గ్రేడ్" చేయించిన నాలుగు నెలలకి మాడింది.

జరిగింది ఇదీ. కారు రోడ్డెక్కిన కొత్తలో రెండు ఇబ్బందులుండేవి. హెడ్‌లైట్లు మసగ్గా వెలిగేవి, ఎదురుగా వచ్చే బండికి నేనున్నట్టు తెలియడానికి తప్ప నాకు రోడ్డు చూపించడానికి పనికొచ్చేవి కావు. రెండోది, దేవీచౌక్, కోటగుమ్మం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బ్యాటరీ నీరసపడేది. ఒక షాపులో చూపిస్తే అక్కడి కుర్రాడు డైనమో, అంటే ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే పాతకాలపు యంత్రం చూసి, "ఇది తీసి పారేద్దాం సార్, ఆల్టర్నేటర్ పెడితే రెండు ప్రాబ్లమ్స్ ఒకేసారి పోతాయి" అన్నాడు. ఆల్టర్నేటర్ అంటే అదే పని చేసే కొత్త కాలపు యంత్రం. నాకూ సబబుగానే తోచింది. ఆటోనగర్‌లో దొరికిన పాత ఆల్టర్నేటర్‌కి బ్రాకెట్టు వెల్డింగ్ చేసి బిగించాడు. జీపుకి వచ్చే ఏడంగుళాల హెడ్‌లైటు యూనిట్లు మోరిస్ మైనర్‌కి కొలతకి కొలత సరిపోతాయి. వాటిని పెట్టి, 60/55 వాట్ల హెచ్4 హాలోజెన్ బల్బులు వేశాడు. ఆ సాయంత్రం గోడ మీద పడ్డ వెలుగు చూసి నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

వైర్లు మాత్రం పాతవే ఉంచాడు. నేనూ మార్చమని అడగలేదు. ఇంట్లో పాత పైపులు అలాగే ఉంచి కొత్తగా పెద్ద మోటారు బిగిస్తే పైపులు ఏమవుతాయో ఆలోచిస్తాం కదా, ఇక్కడ ఆ ఆలోచన రాలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కాలపు ఇంగ్లండు కార్లలో బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపేవారు. దీన్నే పాజిటివ్ ఎర్త్ అంటారు. 1930లలో అక్కడి కంపెనీలు ఆ పద్ధతికి మారాయి, 1960లలో ఆల్టర్నేటర్లూ ట్రాన్సిస్టర్లూ వచ్చాక మళ్ళీ నెగటివ్ ఎర్త్‌కి తిరిగొచ్చాయి. ఈ ఆల్టర్నేటర్ పెట్టాలంటే కారుని నెగటివ్ ఎర్త్ చేయాలి. బ్యాటరీని తిప్పి పెట్టాడు, అంతటితో అయిపోయిందన్నాడు. అప్పటినుంచి కారు పొద్దున్నే స్టార్టవడానికి మొరాయించేది, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొట్టేది. దానికీ ఆ మార్పుకీ సంబంధం ఉందని నాకు తెలియదు.

కడియపులంక సంఘటన తర్వాత కారుని ట్రాలీ మీద ఇంటికి తెచ్చి, నెలరోజులు ముట్టుకోలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఆ కారెక్కనని మాత్రం తేల్చి చెప్పింది. ఆ నెలలోనే మా కాలేజీలో పనిచేసే ల్యాబ్ అటెండరు ఒకాయన, "ఒక పెద్దాయన ఉన్నారు మాస్టారూ, వెనకటి రోజుల్లో డైనమోలకి ఆయనే" అని ఓ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన వయసు డెబ్బై దాటింది. షాపు కొడుక్కి అప్పగించి ఇంటి అరుగు మీద కూచుని ఆర్మేచర్లు, అంటే డైనమోలో తిరిగే తీగ చుట్టలు, చుడుతుంటారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి మేస్త్రి గారనే అంటాను.

మేస్త్రి గారు వచ్చి బానెట్ ఎత్తి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుని వేళ్ళతో కొంచెం వంచారు. పైనున్న నూలు అల్లిక నిలిచింది గానీ, లోపలి రబ్బరు పొడిపొడిగా రాలింది. "చూశారా మాస్టారండీ, ఇది వైరు కాదు, వైరు బొమ్మ. దీని మీద మీరు ఆల్టర్నేటర్ పెట్టారు" అన్నారు. ఆ మాట అన్నది కోపంగా కాదు, జ్వరమొచ్చిన పిల్లాడి చెయ్యి పట్టుకుని చూసిన డాక్టరు గొంతుతో.

ఆయన ముందుగా టెస్ట్ ల్యాంపు కూడా తియ్యలేదు, నా చేత మీటరు కొనిపించారు. తాత్కాలికంగా డిమ్ స్విచ్చిని దాటవేస్తూ ఓ వైరు కలిపి, ఇంజను ఆపే ఉంచి, హై బీమ్ వేయించారు. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు. అదే సమయంలో హెడ్‌లైటు బల్బు కాళ్ళ దగ్గర కొలిస్తే 9.9. దారిలో 2.3 వోల్టులు మాయం. అందులో 0.9 ఎర్త్ వైపే పోతోంది, అంటే బల్బు నుంచి బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వచ్చే దారిలో.

నేను లెక్కల మేష్టారిని. ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాను. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం పడితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. 12.2కి బదులు 9.9 అందితే వెలుగు సగమే. ఆ మాయమైన 2.3 వోల్టులు ఎక్కడికీ పోలేదు, వైర్లలోనూ స్విచ్చిలలోనూ వేడిగా మారాయి. తొమ్మిది ఆంపియర్ల కరెంటుకి అది ఇరవై వాట్లు పైమాటే. చేత్తో పట్టుకునే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే హై బీమ్ వేసినప్పుడల్లా నేను నా కాలి దగ్గర ఇంచుమించు ఒక సోల్డరింగ్ ఐరన్ వెలిగించుకుని నడుపుతున్నానన్నమాట. పైగా ఆ కారులో ఉన్నవి రెండే ఫ్యూజులు. ఒకటి హారన్ లాంటి వాటికి, ఇంకోటి వైపరు, బ్రేక్ లైటు లాంటి వాటికి. హెడ్‌లైట్లకి ఫ్యూజే లేదు. ఆనాటి ఇంగ్లీషు కార్లలో అది మామూలే. ఫ్యూజు పోయి నడిరాత్రి ఒక్కసారిగా చీకటైపోవడం కంటే అదే నయమని అనుకున్నారు. వైరు కొత్తగా ఉన్నంతకాలం ఆ ఆలోచన చెల్లింది.

అప్పుడు నాకు ఇంకో ప్రశ్న పుట్టింది. మొదట్లో ఉన్న మసక వెలుగుకి కారణం డైనమో కాదా? మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. "డైనమోని తిట్టకండి. అది రాజుగారు. ఇవ్వాల్సింది ఇచ్చింది, దారిలో దొంగలు తినేశారు."

ఇంగ్లీషు కార్ల వాళ్ళు లూకాస్ కంపెనీ కరెంటు సామాను గురించి ఎన్నో ఎగతాళి మాటలు చెప్పుకుంటారు. ఈ కారు విప్పిన తర్వాత ఆ మాటలు అన్యాయమని నాకనిపిస్తోంది. చిలుం పట్టిన ఎర్త్ కనెక్షన్‌కి తయారుచేసినవాడు ఏం చేస్తాడు? మా గోదావరి జిల్లాల గాలిలో రాగికి చిలుం పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. ఈ కారు అరవైకి పైగా వానాకాలాలు చూసింది.

మళ్ళీ డైనమో పెట్టాలా, ఆల్టర్నేటర్ ఉంచి వైర్లు మార్చాలా అన్నది అప్పుడు తేల్చుకోవలసి వచ్చింది. దీని మీద రెండు వారాలు ఊగిసలాడాను.

ఆల్టర్నేటర్ మంచిదే. ఇంజను మెల్లగా తిరుగుతున్నా కరెంటు ఇస్తుంది. డైనమో అలా కాదు. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నంతసేపూ దాని నుంచి వచ్చేది దాదాపు సున్నా, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది. కాస్త ఆక్సిలరేటర్ తొక్కితే దీపం ఆరి ఛార్జింగ్ మొదలవుతుంది. డైనమోలో కరెంటుని బయటికి తెచ్చే కార్బన్లు అరుగుతాయి, అవి రాసుకునే రాగి పలకల చుట్టు, అంటే కమ్యూటేటర్, శుభ్రం చేసుకోవాలి, వెనక బుష్‌లో అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు ఆయిలు వేయాలి. దాని పక్కనే కటౌట్ బాక్సు. అందులో రెండు చిన్న చుట్టలు ఉంటాయి. ఒకటి డైనమో వోల్టేజీ సుమారు 13కి చేరగానే బ్యాటరీకి దారి తెరుస్తుంది, ఇంజను ఆగితే మూస్తుంది, లేకపోతే బ్యాటరీయే డైనమోని మోటారులా తిప్పబోయి ఖాళీ అయిపోతుంది. రెండోది వోల్టేజీ హద్దు మీరకుండా సెకనుకి ఎన్నోసార్లు కొట్టుకుంటూ కాపలా కాస్తుంది. మూత తీసి చూస్తే ఆ పని కంటికి కనిపిస్తుంది. ఆల్టర్నేటర్‌లో అలా కనిపించేది ఏమీ లేదు.

అయితే చూడ్డానికి బాగుంటుందని మాత్రమే నేను డైనమో వైపు మొగ్గలేదు. మళ్ళీ కాగితం తీసుకుని కారుకి కరెంటు జమాఖర్చు రాశాను. ఆ డైనమో ఇవ్వగలిగింది 19 ఆంపియర్లు. అసలు హెడ్‌లైటు బల్బులు 42 వాట్లవి రెండు, అంటే 7 ఆంపియర్లు. ముందూ వెనకా చిన్న లైట్లకి 2. స్పార్కు పుట్టించే కాయిల్‌కి 3 నుంచి 4. వైపరుకి ఓ 3. పెట్రోలు పంపుకి ఒకటో రెండో. కలిపితే 16 నుంచి 18. వానరాత్రి అన్నీ ఒకేసారి వేసినా ఆదాయం కంటే ఖర్చు తక్కువే. 1950లలో ఎవరో ఈ లెక్క కుదురుగా కూర్చుని వేశారు. నేను హెచ్4 బల్బులు పెట్టి ఆ లెక్కని చెడగొట్టాను, తర్వాత దాన్ని సరిచేయడానికి ఆల్టర్నేటర్ కావాల్సి వచ్చింది. అసలు బల్బులకి పూర్తి వోల్టేజీ అందిస్తే?

రోజూ ఆఫీసుకి ఊళ్ళో ట్రాఫిక్‌లో తిప్పే పాత కారైతే నేను ఇప్పటికీ ఆల్టర్నేటర్ పెట్టమనే చెబుతాను, అయితే ముందు వైరింగు మార్చి. నా కారు నెలకి రెండు మూడుసార్లు బయటికొస్తుంది, ఎక్కువగా పగలు, ఎక్కువగా రోడ్డు మీద. దానికి డైనమో చాలు. ఇంకోటేమిటంటే పెదనాన్నగారు సొంతంగా ఆ కార్బన్లు మార్చుకోవడం చిన్నప్పుడు చూశాను నేను. డాక్టరు చేతులు, గోళ్ళ నిండా నల్లటి బొగ్గు పొడి. అది నా మనసులోంచి తీసేసి లెక్క వెయ్యడం కుదరలేదు, తీసేయాలని కూడా అనుకోలేదు.

మొత్తానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: కారుకి కొత్తగా ఒక్క కన్నం కూడా వెయ్యకూడదు. కొత్తగా ఏది పెట్టినా, రేపు ఎవరైనా గంటలో విప్పి పాతది బిగించుకోగలగాలి. ఈ నియమం పెట్టుకున్నాక మిగతా నిర్ణయాలన్నీ సులువయ్యాయి.

వైరింగు పని మూడు నెలలు పట్టింది. ఇంగ్లండులో ఇప్పటికీ పాత కార్లకి అచ్చం పాత రంగులతో, నూలు అల్లికతో వైరింగు జడలు అల్లి అమ్మేవాళ్ళున్నారు. తెప్పించుకుందామనుకున్నాను గానీ, మేస్త్రి గారు "నేనుండగా ఎందుకండీ" అన్నారు. పాత వైరింగుని కారులోంచి కొయ్యకుండా, చెట్టు వేళ్ళతో సహా పెకిలించినట్టు, మొత్తంగా బయటికి లాగాం. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు మీద పరిచి, ప్రతి కొమ్మ దగ్గరా ఒక మేకు కొట్టి, ప్రతి కొసకీ చీటీ కట్టాం. అరవై ఏళ్ళ దుమ్ముకి వైర్లన్నీ ఒకే మట్టి రంగులో ఉన్నాయి. ఏది ఏ వైరో తెలుసుకోవడం ఎలా అని నేను టెన్షన్ పడుతుంటే, మేస్త్రి గారు రేకు క్లిప్పులు ఒక్కొక్కటే విప్పారు. క్లిప్పు కింద దాగిన అంగుళం మేర రంగు కొత్తదానిలా ఉంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి వచ్చేది, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు చిన్న లైట్లు, నలుపు ఎర్త్. లూకాస్ రంగుల పట్టిక ఆయనకి ఎక్కాల్లా నోటికి వచ్చు.

కొత్త వైరు విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చాను. ప్రధాన వైరు పాతదానికంటే ఒక మెట్టు లావుది తీసుకున్నాం. రంగుల్లో రెండు దొరకలేదు. వాటికి కొసల దగ్గర రంగు స్లీవు వేశాం. పైన చుట్టడానికి ఏమిటని ఆలోచిస్తుంటే, మోటారు వైండింగ్ షాపులో వాడే కాటన్ టేపు ఉంది కదా అన్నారు. తెల్లగా ఉండే ఆ టేపుని టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరబెట్టాను. చుట్టాక చూస్తే ఇంచుమించు పాతదానిలాగే ఉంది. ఈ టేపు చుట్టే పని అంతా నాదే. ప్రతి ఆదివారం పొద్దున్న మూడు గంటల సేపు. మా అమ్మాయి కొస పట్టుకునేది.

కొసలకి ఇత్తడి బుల్లెట్ కనెక్టర్లు, ఒక్కొక్కటీ సోల్డరింగ్ చేశారు. ఎర్త్‌ల విషయంలో మేస్త్రి గారు ఏమాత్రం రాజీపడలేదు. బాడీ మీద ఎర్త్ బోల్టు ఉన్న ప్రతిచోటా రంగు గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషరు వేసి, బిగించాక పైన వాజెలిన్ రాశారు. ఒక్కో హెడ్‌లైటుకీ బాడీని నమ్ముకోకుండా విడిగా నల్ల వైరు లాగి ఒకే చోటికి తెచ్చారు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూచుంటుంది కాబట్టి దానికీ బాడీకీ మధ్య అల్లిక పట్టీ ముఖ్యం. పాతది సగం పోగులు తెగి ఉంది. పాత కారున్న ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే ఈ ఎర్త్‌ల పని ముందు చేసుకోమనే చెబుతాను. ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

తర్వాత డైనమో. అదృష్టవశాత్తూ దాన్ని తుక్కుకి వెయ్యకుండా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. పాత హెడ్‌లైటు యూనిట్లు కూడా అక్కడే ఉన్నాయి. మేస్త్రి గారు ఆర్మేచర్ లేతు మీద పెట్టి కమ్యూటేటర్ సన్నగా కోసి, రాగి పలకల మధ్య మైకాని హాక్సా బ్లేడు ముక్కతో దించారు. తన డబ్బాలో దాచుకున్న పాత లూకాస్ కార్బన్లు కొలత చూసి వేశారు. మద్రాసు దగ్గర పాడిలో ఫ్యాక్టరీ ఉన్న లూకాస్-టీవీఎస్ కంపెనీ 1961లో మొదలైంది కాబట్టి, ఈ రకం సామాను మన దేశంలో దశాబ్దాల పాటు తయారై చాలాచోట్ల మిగిలి ఉంది. దొరకదేమో అని భయపడ్డ వస్తువే తేలిగ్గా దొరికింది. దొరకనిది హెడ్‌లైటు బల్బులు. ఆ వాటేజీవి ఒక జతకి రెండు నెలలు ఆగాను, దొరికినప్పుడు ఆరు కొన్నాను.

కారు మళ్ళీ పాజిటివ్ ఎర్త్ అయింది. బ్యాటరీ ప్లస్ కొస మైనస్ కొస కంటే లావుగా ఉంటుంది కాబట్టి క్లాంపులు కూడా మళ్ళీ మార్చాల్సి వచ్చింది. డైనమో బిగించాక దానికి "దిక్కు చెప్పాలి" అన్నారు మేస్త్రి గారు. లోపల మిగిలిన కొంచెం అయస్కాంతం ఎటు తిరిగి ఉంటే డైనమో అటువైపే కరెంటు పుట్టిస్తుంది. అందుకని దాని రెండు వైర్లూ విప్పి, బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ అని రాసున్న టెర్మినల్‌కి రెండుసార్లు తాటించారు. చిటుక్కుమని నిప్పురవ్వ. అంతే, అయిపోయింది.

మిస్ కొట్టడం సంగతి కూడా అప్పుడే తేలింది. కాయిల్‌కి ఎస్‌డబ్ల్యూ, సీబీ అని రెండు టెర్మినళ్ళు. ఎర్త్ మార్చినప్పుడు ఆ రెండు వైర్లనీ అటూ ఇటూ మార్చాలి. ఆ కుర్రాడు మార్చలేదు. ప్లగ్గు మధ్య కొస బాగా వేడెక్కుతుంది. ఆ వేడి కొస నుంచి స్పార్కు బయలుదేరడం సులువు, అందుకే అది మైనస్‌గా ఉండాలి. తిరగబడితే స్పార్కుకి ఎక్కువ వోల్టేజీ కావాలి. చూడ్డానికి ఒక పద్ధతి ఉంది: ప్లగ్గు వైరుకీ ప్లగ్గుకీ మధ్య సందులో పెన్సిలు ములుకు పెడితే, స్పార్కు మంట ప్లగ్గు వైపు విచ్చుకోవాలి. నెగటివ్ ఎర్త్‌లో ఉండగానే ఆయన చేసి చూపిస్తే వైరు వైపు విచ్చుకుంది. పాజిటివ్ ఎర్త్‌కి తిరిగొచ్చాక, కాయిల్‌ని ముట్టుకోకుండానే, ప్లగ్గు వైపు విచ్చుకుంది. మర్నాడు పొద్దున కారు మొదటి లాగుడికే స్టార్టయింది. నాలుగు నెలలు నేను కార్బురేటర్‌ని అనుమానించాను.

ఇక కొత్తగా పెట్టినవి. హెడ్‌లైట్లకి రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు. ఇప్పుడు డిమ్ స్విచ్చి గుండా పోయేది రిలేని మేల్కొలిపేంత చిన్న కరెంటే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి నేరుగా లైట్లకి వెళుతుంది. డయోడు లేని రిలేలు తీసుకోవాలి, కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చే డయోడు ఉన్నవి మామూలు పద్ధతిలో కలిపితే పాజిటివ్ ఎర్త్‌లో షార్టవుతాయి. ఎడమ లైటుకీ కుడి లైటుకీ వేరువేరు ఫ్యూజులు పెట్టించాను, ఒకటి పోయినా రెండోది వెలిగేలా. ఇవన్నీ లోపల షెల్ఫు కింద, ఉన్న స్క్రూలకే ఒక పట్టీ కట్టి దానికి బిగించాం. వంగి చూస్తే తప్ప కనపడవు. బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పి కరెంటు కట్టేసే స్విచ్చి. కొబ్బరికాయల బస్తా కింద స్పానరు వెతికిన రాత్రి తర్వాత దీని గురించి నేను రెండో ఆలోచన చెయ్యలేదు.

ఇండికేటర్ల దగ్గర మాత్రం కొంచెం బాధపడ్డాను. ఈ కారుకి తలుపు స్తంభంలోంచి చిన్న చెయ్యి లేచే ట్రాఫికేటర్లు ఉంటాయి. లోపల సోలినాయిడ్, చేతిలో చిన్న దీపం. ఎంత ముద్దుగా ఉంటాయో చెప్పలేను. కానీ మోరంపూడి జంక్షన్‌లో వెనక వచ్చే బైకు కుర్రాడికి దాని అర్థం తెలియదు. ప్రాణం కంటే అసలుతనం పెద్దది కాదు. అందుకని బంపర్ బోల్టులకి తగిలించే చిన్న పట్టీ మీద పసుపు రంగు ఫ్లాషర్లు పెట్టించాను. ట్రాఫికేటరు లేస్తుంది, దాంతోపాటు ఇవీ వెలుగుతాయి. కార్ల ర్యాలీకి వెళ్ళేటప్పుడు పది నిమిషాల్లో విప్పేస్తాను.

ఎల్‌ఈడీ హెడ్‌లైటు బల్బులు పెట్టమని చాలామంది అన్నారు. కరెంటు తక్కువ తింటాయన్నది నిజమే. కానీ ఆ పాత రిఫ్లెక్టరు, సన్నటి ఫిలమెంటు ఒక కచ్చితమైన చోట ఉంటుందని లెక్కగట్టి చేసినది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. వద్దన్నాను. ఫోను ఛార్జరు కూడా పెట్టలేదు. పాజిటివ్ ఎర్త్ కారులో మామూలు ఛార్జరు ఇనుప భాగం బాడీకి తగిలితే షార్టే. పవర్ బ్యాంకు పట్టుకెళతాను.

ఎవరైనా సాయం చేద్దామని జంపర్ వైర్లు తెచ్చి మైనస్ కొసని బాడీకి తగిలిస్తారేమోనని ఇంకో భయం. బోర్డులు రాసే ఆయన్ని పిలిచి బానెట్ లోపల విడిపోయే రేకు మీద ఎర్ర అక్షరాలతో రాయించాను: "ఈ బండికి ప్లస్సే ఎర్త్."

ఒకరిద్దరు మిత్రులు అడిగారు, ఇలా మారిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది ఉండదా అని. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది. అక్కడ పెద్ద మార్పులంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజను అని రాశారు. వైరింగు పేరు లేదు. అయినా నా మట్టుకు నేను ఆ నిబంధన కంటే నా కన్నం నియమాన్నే గట్టిగా పట్టుకున్నాను. ఆల్టర్నేటర్ బ్రాకెట్టు కోసం ఆ కుర్రాడు ఇంజను పక్కన రేకుకి వేసిన ఒక కన్నం మాత్రం అలాగే ఉంది. రబ్బరు బిరడా పెట్టాను. బానెట్ ఎత్తినప్పుడల్లా చూపు దాని మీదికే పోతుంది.

ఖర్చు చెప్పాలి. మొదటి అప్‌గ్రేడ్‌కి పద్నాలుగు వేలు అయ్యాయి. రెండోసారి వైరు, బల్బులు, రిలేలు, లేతు పని, మేస్త్రి గారి కూలి అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు. మేస్త్రి గారు ముందు డబ్బు తీసుకోనన్నారు. "మళ్ళీ డైనమో చేతికిచ్చిన వాళ్ళెవరండీ ఈ రోజుల్లో" అన్నారు. బలవంతాన ఇచ్చాను. పాత వైరింగు జడని మాత్రం ఆయనే అడిగి పట్టుకెళ్ళారు, మనవడికి రంగులు నేర్పడానికట.

సంక్రాంతికి అమలాపురం వెళ్ళాం. మా ఆవిడ కూడా వచ్చింది, తాళం చెవి తిప్పగానే ముందు గోడ మీదున్న పెట్రోలు పంపు టిక్ టిక్‌మని కొట్టుకుని, నిండాక ఆగిపోయే చప్పుడు వినిపించాక గానీ సీటు బెల్టు లేని ఆ కారులో సర్దుకుని కూచోలేదు. కనుమ నాడు చీకటి పడ్డాకే తిరుగు ప్రయాణం. జొన్నాడ వంతెన మీద హై బీమ్ వేశాను. హెచ్4 అంత తెల్లటి వెలుగు కాదు. పసుపు పచ్చగా, మెత్తగా, కానీ రోడ్డు పక్క తెల్ల గీత చివరిదాకా కనిపిస్తోంది. బయలుదేరే ముందు బల్బు దగ్గర కొలిచాను, 11.9 వోల్టులు.

కడియపులంకలో అదే నర్సరీ ముందు ఆపాను. ఎందుకని మా ఆవిడ అడగలేదు. ఇంజను ఆపలేదు, లైట్లు ఆర్పలేదు. వంగి క్లచ్ పక్కన డిమ్ స్విచ్చి మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆమె కూడా చెయ్యి చాపి ఒకసారి ముట్టుకుని చూసింది. "సరే, పదండి" అంది.